బార్సిలోనా చుట్టుపక్కల వేసవి సీతాకోకచిలుకలు: ఎక్కడ వెతకాలి, ఎలా తీయాలి?

పెరటిమొక్క (బార్సిలోనా), జూన్ 9

నమస్కారమండీ. మేం ఇక్కడికి వచ్చి ఏడాది కాలేదు. బడికి సెలవులు ఇవ్వబోతున్నారు. మా పాపకి సీతాకోకచిలుకల పిచ్చి, నాకు ఫొటోల పిచ్చి. కారు లేదు, రైళ్ళూ బస్సులే దిక్కు. కెమెరాతోపాటు వచ్చిన మామూలు లెన్సు, ఒక ఫోను ఉన్నాయి. ఇప్పట్నుంచి సెప్టెంబరు దాకా ఏ నెలలో ఏవి కనిపిస్తాయి, ఎటు వెళ్ళాలి? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

ఇంకోటి. కొల్సెరోలా కొండ మీద ఒకటి ఎగురుతుంటే నారింజ రంగు తళుక్కుమంది. తీరా వాలాక చూస్తే ఉత్త లేతాకుపచ్చ. ఫొటో పెట్టాను. ఏంటది?

ఫోకస్ బాబాయ్ (మోంపెల్యే), జూన్ 9

క్లియోపాట్రా, మగది. వాలినప్పుడు రెక్కలు తెరవదు గాక తెరవదు. నారింజ మచ్చ ముందు రెక్కల పైవైపున ఉంటుంది కనక ఎగిరేటప్పుడే దర్శనం. దాన్ని ఫొటోలో పట్టే దారి ఒకటుంది. సూర్యుడు దాని వెనక ఉండేలా మీరు ఇటు పక్కకి రండి. మూసిన రెక్కలోంచి ఆ నారింజ ఇవతలికి కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాపు (అంటే రెట్టింపు వెలుతురు) పెంచండి, లేకపోతే రెక్క నల్లబడుతుంది.

ఇక నెలల సంగతి. అమ్మా, "వేసవంతా ఉంది కదా" అని కూర్చోకండి. మధ్యధరా పల్లపు ప్రాంతాల్లో వీటి పండగ మే, జూన్ నెలలే. జులై సగమయ్యేసరికి గడ్డి ఎండిపోతుంది, పూలు పోతాయి, సముద్రం పక్క కొండలు బోసిపోతాయి. ఆగస్టు చివర్లో ఓ వాన పడితే సెప్టెంబరులో మళ్ళీ కదలిక వస్తుంది. మధ్యలో ఏదైనా చూడాలంటే కొండెక్కాలి.

జిల్లేడు ఆకు (హైదరాబాద్), జూన్ 10

అక్కా, ఇది మనకు ఎరుకైన లెక్కనే. మన దగ్గర ఏప్రిల్, మే ఎట్లుంటదో ఆడ జులై, ఆగస్టు అట్ల. అసలు సంగతి వేడి కాదు, నీళ్ళు. మనకు ఎండలు పోంగనే వాన పడ్తది, పురుగుకు లేతాకు దొరుకుతది. ఆగస్టు నుంచి నవంబర్ దాక వికారాబాద్ అనంతగిరి దిక్కు పోతే మస్తు కనవడ్తయ్. వాళ్ళకేమో వాన చలికాలంల, ఎండకాలమంత పొడి. అందుకే ఆడి గొంగళిపురుగులు చలికాలం, వసంతంల కడుపునిండ తిని, మే జూన్‌ల రెక్కలేసుకుంటయ్. ఎండలు ముదిరినంక కొన్ని ఎక్కడనో దాక్కుంటయంట. అది జర బాబాయే చెప్పాలె.

ఫోకస్ బాబాయ్ (మోంపెల్యే), జూన్ 10

చెప్తాను. మెడో బ్రౌన్ అనే గోధుమరంగుది ఉంది. యూరప్‌లో అంతటా దొరుకుతుంది, ఎవరూ పట్టించుకోరు. ఉత్తరాదిన అది వేసవంతా గుడ్లు పెడుతూ తిరుగుతుంది. ఇక్కడ మాత్రం ఆడవి మే, జూన్‌లో జతకట్టి, ఓక్ చెట్ల నీడలోకి పోయి జులై, ఆగస్టు కదలకుండా గడిపేస్తాయి. సెప్టెంబరులో బయటికొచ్చి అప్పుడు గుడ్లు పెడతాయి. ఎండుగడ్డి మీద గుడ్లు పెట్టి ఏం లాభం? లేచివచ్చే పిల్లకి పచ్చిక ఉండాలి కదా.

ముక్కు పొడుగ్గా ఉండే లిబిథియా సెల్టిస్ మరీ ఘటికురాలు. జూన్‌లో ప్యూపా నుంచి బయటికి వచ్చి కొద్ది రోజులు తిరిగి, మళ్ళీ మార్చి దాకా విశ్రాంతిలోనే. మీ క్లియోపాట్రా కూడా అంతే, ఏడాదికి దగ్గరగా బతుకుతుంది. వారం రోజుల బతుకు అని కవిత్వం రాసేవాళ్ళని దీని ముందు కూర్చోబెట్టాలి.

అరబొమ్మ (జిరోనా), జూన్ 11

పెరటిమొక్క గారూ, నేను ఇక్కడ సీతాకోకచిలుకల లెక్కింపులో వాలంటీరుని. కాటలోనియాలో, అంటే బార్సిలోనా, జిరోనా ఉన్న ఈ ప్రాంతంలో, ఈ పని 1994 నుంచి నడుస్తోంది. గ్రనొల్యెర్స్ ప్రకృతి శాస్త్రాల మ్యూజియం చూసుకుంటుంది. మార్చి 1 నుంచి సెప్టెంబరు 26 వరకు, అంటే 30 వారాలు, ప్రతి వారం ఒకే దారిన నడవాలి. అటు రెండున్నర మీటర్లు, ఇటు రెండున్నర, ముందు ఐదు. ఆ మేరలో కనిపించినవే లెక్క. దాటి ఎంత అందమైనది కనిపించినా రాయకూడదు. మొదట్లో ప్రాణం కొట్టుకుంటుంది, తర్వాత అలవాటైపోతుంది. కాటలోనియాలో ఉన్నవి దాదాపు 200 జాతులు. వాటి రాకపోకలు వారం వారం తెలిసేది ఇలా నడిచేవాళ్ళ వల్లే.

కారు లేకపోతే ఇలా చేయండి.

జూన్‌లో గరాఫ్. సాంట్స్ స్టేషన్‌లో సిట్జెస్ వైపు వెళ్ళే రైలెక్కి గరాఫ్‌లో దిగితే కొండ ఎదురుగానే. సున్నపురాయి నేల, రోజ్‌మేరీ పొదలు, మోకాలెత్తు ఓక్ తుప్పలు. చెట్టు నీడ దాదాపు ఉండదు. పాపతో వెళ్తే తొమ్మిదిన్నరకల్లా వెనక్కి తిరగాలి.

జులైలో మోన్‌సెన్య్ కొండలు. తురో దె లోమె శిఖరం 1706 మీటర్లు. కింద ఎండిపోయిన పూలే పైన అప్పుడు విచ్చుకుంటాయి. ఇంకా ఓపికుంటే పళ్ళచక్రాల రైల్లో నూరియా లోయకి వెళ్ళండి, దాదాపు 2000 మీటర్ల ఎత్తు. పిరనీస్ కొండల పచ్చికల్లో జులై, ఆగస్టుల్లో అపోలో అనే సీతాకోకచిలుక తిరుగుతుంది. తెల్ల రెక్కలు, ఎర్రటి గుండ్రాలు. యూరప్ చట్టం రక్షణ ఉన్న జాతి, పట్టుకోవడం నేరం. ఫొటోకి ఎవరూ ఏమనరు.

ఒక హెచ్చరిక. వేసవిలో కార్చిచ్చు ప్రమాదాన్ని బట్టి 'ప్లా ఆల్ఫా' అని స్థాయిలు ప్రకటిస్తారు. నాలుగో స్థాయికి వెళితే పార్కు దారులు మూసేస్తారు. ముందురోజు సాయంత్రమే చూసుకోండి.

పెరటిమొక్క (బార్సిలోనా), జూన్ 15

అరబొమ్మ గారూ, చాలా చాలా థాంక్సండీ. గరాఫ్ వెళ్ళొచ్చాం. ఇంటికొచ్చి చూస్తే ఫొటోల్లో సగం ఖాళీ ఆకులే! పాప మాత్రం పెన్సిలుతో బొమ్మలు గీసి మరీ గుర్తుపెట్టుకుంది. చిన్న నారింజరంగుది ఒక్కటి కుదిరింది, కింద పెట్టాను. గేట్‌కీపర్ అని పుస్తకంలో ఉంది, కానీ అక్కడ రెండు రకాలు చూపించారు.

బాబాయ్ గారూ, బాగా దగ్గర్నించి తీసే మాక్రో లెన్సు కొనక తప్పదా?

ఫోకస్ బాబాయ్ (మోంపెల్యే), జూన్ 15

కొనకండి. ఈ వేసవి గడిచాక కొనండి.

ముందు గంట మార్చండి. పొద్దున పదకొండు దాటాక మధ్యధరా ఎండలో సీతాకోకచిలుకని వెంబడించేవాడికి మిగిలేది చెమటే. ఆరున్నరకల్లా గడ్డి దగ్గర ఉండాలి. చిన్న నీలిరంగువి రాత్రి గడ్డిపోచలకి తలకిందులుగా పట్టుకుని నిద్రపోతాయి. ఒక్కోసారి ఒకే పోచకి మూడు నాలుగు. పొద్దెక్కేదాకా ఎగరలేవు, ఒళ్ళు వేడెక్కాలి. సూర్యుడు తగలగానే రెక్కలు తెరిచి వెచ్చబడతాయి. ఆ కాసేపట్లో మీ మామూలు లెన్సుతోనూ పని అవుతుంది, ఎందుకంటే దగ్గరికి వెళ్ళనిస్తాయి. ముందు రోజు సాయంత్రం ఎక్కడ వాలాయో చూసి పెట్టుకుంటే పొద్దున వెతుకులాట తప్పుతుంది.

రెండోది నీడ. మీ నీడ దాని మీద పడిందా, లేచిపోయినట్టే. ఎటు నుంచి వెళ్తున్నామన్నది లెన్సు కంటే ముఖ్యం. వంగి, తిన్నగా కాకుండా కాస్త ఏటవాలుగా, ఆగి ఆగి వెళ్ళాలి. చేతులు ముందే కెమెరా మీద ఉండాలి, దగ్గరికెళ్ళాక ఎత్తకూడదు.

మూడోది తలం. రెక్క మూసుకుని ఉంటే, రెక్క తలానికి సమాంతరంగా కెమెరా వెనక భాగం ఉండాలి. ఎఫ్/8 పెట్టినా నాలుగు డిగ్రీలు తేడా వస్తే రెక్క అంచు మసకే. గాలి ఉంటే 1/500 కంటే తక్కువ షట్టర్ వద్దు, దానికోసం ఐఎస్ఓ 800 అయినా నాకు అభ్యంతరం లేదు. ఐఎస్ఓ పెంచితే ఫొటోలో గింజలు పడతాయి, కానీ మసక కంటే గింజలు నయం. ఫోనులో రెండు మూడు రెట్లు జూమ్ చేసే అసలు లెన్సు ఉంటే అది వాడండి, మెయిన్ కెమెరా ముక్కు దాకా తోసుకెళ్ళొద్దు.

గుర్తుపట్టడానికైతే పైవైపు, కిందివైపు రెండూ కావాలి. మీ గేట్‌కీపర్ ఫొటోలో వెనక రెక్క అడుగుభాగం కనిపిస్తోంది. మీగడరంగు పట్టీ అడ్డంగా స్పష్టంగా ఉంటే బత్సెబా. మీదాంట్లో పట్టీ లేదు, బూడిదరంగు మరకలే. కాబట్టి సెసీలియా. ఆగస్టులోనూ ఉంటుంది, బత్సెబా అయితే ఈపాటికి వెళ్ళిపోతూ ఉంటుంది.

నికోసియా తమ్ముడు (సైప్రస్), జూన్ 28

అందరికీ నమస్తే. ఎమ్మెస్ చదువుతున్నా, మాది నెల్లూరు. ఇక్కడ అప్పుడే 40 డిగ్రీలు. ఊళ్ళో లాంటానా పూల మీద తప్ప ఎక్కడా ఏమీ లేవు. 2019 మార్చిలో పెయింటెడ్ లేడీ అనే వలస సీతాకోకచిలుకలు గుంపులు గుంపులుగా వచ్చాయని మా ఇంటి ఓనరు తెగ చెప్తాడు. నాకేమో ఒక్కటీ లేదు. సైప్రస్‌లో వేసవి దండగేనా అన్నా?

అరబొమ్మ (జిరోనా), జూన్ 28

దండగ కాదు తమ్ముడూ. ట్రూడోస్ కొండకి బస్సెక్కు. ఒలింపస్ శిఖరం 1952 మీటర్లు, నీ నికోసియా కంటే చాలా చల్లగా ఉంటుంది. అక్కడ పారే వాగుల పక్కన తడిమట్టి దొరికితే అక్కడే కూర్చో. మగవి ఉప్పు కోసం వచ్చి వాలతాయి, నువ్వు వాటి వెంట తిరగనక్కర్లేదు. మీ దీవిలో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేని జాతులు మూడున్నాయి. వాటిలో పాఫోస్ బ్లూ వసంతంలోది, దాన్ని వచ్చే ఏడు చూడు. సైప్రస్ గ్రేలింగ్ మాత్రం ఇప్పుడు దొరుకుతుంది.

గ్రేలింగ్‌లు వెతికే పద్ధతి వేరు. పూల వైపు చూడకు. పైన్ చెట్ల మొదళ్ళ మీద, నీడలో ఉన్న రాళ్ళ మీద చూడు. వాలగానే రెక్కలు మూసి, ముందు రెక్కని వెనక రెక్క కిందికి లాగేసుకుంటుంది. బెరడుకీ దానికీ తేడా తెలియదు. నువ్వు నడుస్తుంటే నీ కాళ్ళ దగ్గర్నించి లేస్తుంది. అది మళ్ళీ ఎక్కడ వాలిందో కళ్ళు తిప్పకుండా చూసుకుని అప్పుడు కదులు.

నికోసియా తమ్ముడు (సైప్రస్), జులై 6

అక్కా సూపర్! పైన్ మొదలు మీద దొరికింది. ఫొటో చూసి మా రూమ్మేట్ "బెరడు ఫొటో ఎందుకు తీశావ్" అన్నాడు.

కుండీల రాణి (వలెన్సియా), జులై 9

నాది వేరే గోలండీ. బాల్కనీలో జెరేనియం కుండీలు పెట్టుకున్నా. మొగ్గలు రంధ్రాలు పడి రాలిపోతున్నాయి. చిన్న గోధుమరంగు సీతాకోకచిలుకలు చుట్టూ తిరుగుతున్నాయి, వెనక రెక్కకి సన్న తోక. దానికీ దీనికీ సంబంధం ఉందా?

అరబొమ్మ (జిరోనా), జులై 9

అదే దొంగ. జెరేనియం బ్రాంజ్, దక్షిణాఫ్రికాది. నర్సరీ మొక్కలతోపాటు 1980ల చివర్లో మయోర్కా దీవికి వచ్చింది. అక్కడ్నుంచి మధ్యధరా తీరమంతా పాకింది, ఎందుకంటే ప్రతి బాల్కనీలోనూ దాని అన్నం కుండీలో సిద్ధంగా ఉంది. గొంగళిపురుగు మొగ్గలోకి, కాడలోకి దూరిపోతుంది కనక పైన మందు కొడితే తగలదు. రంధ్రం పడిన మొగ్గలు, నల్లబడిన కాడలు తుంచి మూటకట్టి పారేయండి. ఐవీ ఆకు జెరేనియం వదిలి వేరే పూలు పెట్టుకున్నా నష్టం లేదు. అన్నట్టు, నగరంలో ఫొటోలు నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి జీవి లేదు. ఎండలో కూడా నిలకడగా కూర్చుంటుంది. పెరటిమొక్క గారు గమనించగలరు.

కుండీల రాణి (వలెన్సియా), జులై 10

కుండీలు పోతుంటే ఫొటోలు తీయమంటున్నారు. బాగుందండీ వరస.

పెరటిమొక్క (బార్సిలోనా), జులై 21

ఇది చూడండి! గరాఫ్‌లో పొట్టి తాటిమొక్కల మధ్య మధ్యాహ్నం ఎగురుతూ కనిపించింది. అరచేయంత ఉంది. ముందు రెక్కలు గోధుమాకుపచ్చ, వెనక రెక్కలు మండే నారింజ, నల్లపట్టీలో తెల్ల చుక్కలు. మీసాల చివర ఉబ్బుగా ఉంది కాబట్టి సీతాకోకచిలుకే కదా? పుస్తకమంతా తిరగేశాం, లేదు.

ఫోకస్ బాబాయ్ (మోంపెల్యే), జులై 21

పుస్తకంలో ఉండదమ్మా. అది మాత్, సీతాకోకచిలుకల చుట్టం. పైసాండీసియా ఆర్కాన్, దక్షిణ అమెరికాది. పగలే ఎగురుతుంది, మీసాలు కూడా ఉబ్బుగానే ఉంటాయి, అందుకే అందరూ సీతాకోకచిలుక అనుకుంటారు. శరీరం లావు చూడండి, వాలినప్పుడు ముందు రెక్కలతో నారింజనంతా ఇంటికప్పులా కప్పేసుకోవడం చూడండి. అలంకారం కోసం అర్జెంటీనా నుంచి తెప్పించిన తాటిజాతి మొక్కల్లో దాక్కుని వచ్చింది. దీని పురుగు కాండంలో తొలిచేస్తుంది, మొక్క చస్తుంది. మీరు గరాఫ్‌లో చూసిన పొట్టి తాటి, మర్గల్యో, ఈ నేల సొంత మొక్క, దానికీ పట్టుకుంది. జీవుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ సైటులో చోటుతో సహా పెట్టండి, పనికొస్తుంది.

మాత్‌ల మాట వచ్చింది కనక ఇంకొకటి. గ్రీసులో రోడ్స్ దీవికి వెళ్ళేవాళ్ళు 'సీతాకోకచిలుకల లోయ' చూస్తారు. అక్కడుండేవీ మాత్‌లే, జెర్సీ టైగర్లు. ఎండాకాలం తడిగా ఉండే ఆ లోయలో చెట్లకి వేలల్లో అంటుకుని ఉంటాయి. రెక్కలు విప్పితే ఎర్రగా బాగుంటాయని జనం చప్పట్లు కొట్టి లేపుతారు. వేసవంతా తిండి లేకుండా ఒంట్లో కొవ్వు మీద బతికేదాన్ని ఊరికే ఎగిరించడమంటే దాని సద్దిమూట లాక్కోవడమే. వెళ్తే చేతులు కట్టుకుని చూసి రండి.

జిల్లేడు ఆకు (హైదరాబాద్), జులై 22

చప్పట్లు నయం బాబాయ్. ఈడ ఒక ఫొటో గ్రూపుల ఒకాయన సీతాకోకచిలుకను ఫ్రిజ్‌ల పెట్టి, మొద్దుబారినంక పువ్వు మీద కూసోబెట్టి, స్ప్రేతోని నీళ్ళు కొట్టి "మంచు తడిసిన ఉదయం" అని పెడ్తడు. చూస్తే తెలుస్తది, కాళ్ళు పట్టుకోవు, ఒక రెక్క ఒక దిక్కు. మే నెల మధ్యాహ్నం మంచెక్కడిది? గసుంటి దానికి ఐదొందల లైకులు.

ఫోకస్ బాబాయ్ (మోంపెల్యే), జులై 22

దాంట్లో రెండో మాట లేదు. ఫ్రిజ్ ఫొటో నాకు ఫొటోనే కాదు.

పెరటిమొక్క (బార్సిలోనా), ఆగస్టు 24

ఆగస్టంతా ఊళ్ళో జెరేనియం బ్రాంజ్‌లే తీశాను, అరబొమ్మ గారి పుణ్యమా అని ఫోకస్ కుదరడం మొదలైంది. ఇప్పుడు అసలు కోరిక. రెండు తోకల పాషా, కారాక్సెస్ జాసియస్. పాప గోడ మీద బొమ్మ అంటించుకుంది. ఎలా?

ఫోకస్ బాబాయ్ (మోంపెల్యే), ఆగస్టు 24

సరైన సమయానికి అడిగారు. ఏడాదికి రెండు తరాలు, మే, జూన్‌లో ఒకటి, ఆగస్టు చివర్నుంచి ఇంకొకటి. ఎనిమిది సెంటీమీటర్ల దాకా ఉంటుంది. పూల జోలికి పెద్దగా పోదు. మగ్గిన అత్తిపళ్ళు, చెట్ల నుంచి కారే రసం, పులిసిన వాసన, అదీ దాని రుచి. బాగా మగ్గిన అరటిపండు, పంచదార, కాస్త వైను కలిపి ఎండలో పులియబెట్టి, గుడ్డలో కట్టి కొమ్మకి వేలాడదీయండి. తాగుతున్నంతసేపూ కదలదు. రెక్క అడుగున తెల్లగీతల ముగ్గంతా తీరిగ్గా తీసుకోవచ్చు.

అరబొమ్మ (జిరోనా), ఆగస్టు 25

బాబాయ్ గారూ, పార్కు లోపల ఎర పెట్టడం నాకు నచ్చదు. ఎర కడితే కందిరీగలు వస్తాయి, చీమలు వస్తాయి, గుడ్డ అక్కడే వదిలేసి పోయేవాళ్ళూ ఉన్నారు. చెట్టుకింద రాలిన అత్తిపళ్ళు ఊళ్ళ అంచుల్లో కావలసినన్ని. అక్కడ కాపు కాయండి. లేదా కొండ కొసకి ఎక్కండి. మగవి శిఖరం మీద ఒక పొదని పట్టుకుని కూర్చుని, దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తరుముతాయి. తరిమి మళ్ళీ అదే కొమ్మ మీదికి వస్తాయి. ఆ కొమ్మకి ఫోకస్ పెట్టుకుని ఆగితే చాలు.

ఫోకస్ బాబాయ్ (మోంపెల్యే), ఆగస్టు 25

గుడ్డ వెనక్కి తెచ్చుకోవాలన్న మాటకి ఒప్పుకుంటాను. మిగతాదానికి ఒప్పుకోను. కానీ చిన్నపిల్లతో వెళ్ళేవాళ్ళకి అత్తిచెట్టే సుఖం, అది నిజం.

జిల్లేడు ఆకు (హైదరాబాద్), ఆగస్టు 25

దీని చుట్టం మన దగ్గర ఉన్నది అక్కా. బ్లాక్ రాజా, కారాక్సెస్ సోలోన్. చింతాకు తిని పెరుగుతది. గది గూడ పూలకు రాదు, మగ్గిన పండు, చెట్టు రసం, పెంట. పేరుకే రాజా.

పెరటిమొక్క (బార్సిలోనా), సెప్టెంబరు 8

వచ్చింది! సిట్జెస్ దగ్గర అత్తిచెట్టు కింద. ఎర లేకుండానే. పాప అరిచిన అరుపుకి నేనే అదిరిపడ్డాను, అది మాత్రం పండు వదల్లేదు. ఫొటోలు పెట్టాను.

ఇంకో వింత కూడా. ఎబ్రో డెల్టా వెళ్ళాం. వరిచేలు చూసి మా ఆయనకి కోనసీమ గుర్తొచ్చి ఒకటే కబుర్లు. అక్కడ కాలువ గట్టు మీద అచ్చం మన జిల్లేడు మీద తిరిగే నారింజరంగుదే కనిపించింది. అదేనా, అలాంటిదా?

జిల్లేడు ఆకు (హైదరాబాద్), సెప్టెంబరు 8

అదే అక్కా! ప్లెయిన్ టైగర్, డానస్ క్రిసిప్పస్. ఆఫ్రికా నుంచి మన దాక ఒకటే జాతి. నా పేరు చూస్తే తెల్వదా నాకు దీని మీద ఎంత ఇష్టమో. ఆడ జిల్లేడు లేదు గద, మరేం తింటది?

అరబొమ్మ (జిరోనా), సెప్టెంబరు 9

సైనాంకం అక్యూటం అనే తీగ. కాలువ గట్ల మీద పాకుతుంది, తుంచితే జిల్లేడులాగే పాలు కారతాయి, కుటుంబం ఒకటే. ఇలాంటి పాలమొక్కల్లోని విషమే సీతాకోకచిలుక ఒంట్లోకీ వెళ్ళి పిట్టల నుంచి కాపాడుతుందంటారు. మీ కందిచేలో తిరిగే పీ బ్లూ కూడా ఇక్కడుంది. పెయింటెడ్ లేడీ సరేసరి. అది ఈ నెలలోనే ఆఫ్రికా వైపు తిరుగు ప్రయాణం కడుతుంది. చాలా ఎత్తున పోతుంది కాబట్టి ఎన్నేళ్ళో ఎవరికీ కనిపించలేదు, రాడార్‌లతో తేల్చారు. 2013లో కొన్ని పశ్చిమాఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటి ఫ్రెంచ్ గయానా చేరాయి. 4200 కిలోమీటర్ల సముద్రం.

జిల్లేడు ఆకు (హైదరాబాద్), సెప్టెంబరు 9

నేను డిసెంబర్‌ల పని మీద బార్సిలోనా వస్తున్న. అప్పుడేమన్న ఉంటయా, ఉత్త చలేనా?

అరబొమ్మ (జిరోనా), సెప్టెంబరు 10

ఎండ కాసిన రోజు రెడ్ అడ్మిరల్ అనే సీతాకోకచిలుక కనిపించవచ్చు. శరదృతువులో ఉత్తరం నుంచి దిగి వచ్చి చలికాలంలోనే ఇక్కడ పిల్లల్ని పెడుతుంది. దురదపెట్టే నెటిల్ మొక్కల్లో ముడిచిన ఆకులు విప్పితే గొంగళిపురుగులు కనిపిస్తాయి, చేతికి గ్లవుజులు వేసుకో.

జాసియస్, అదే రెండు తోకల పాషా, కూడా ఉంటుంది, గొంగళిపురుగు రూపంలో. దాని చెట్టు అర్బోస్, మాడ్రిడ్ నగర చిహ్నంలో ఎలుగుబంటి ముందుకాళ్ళు ఆన్చి నిలబడేది ఆ చెట్టే. అప్పటికి పూలూ ఎర్రటి పళ్ళూ కలిసి ఉంటాయి, కొల్సెరోలాలో గుర్తుపట్టడం తేలిక. తల మీద నాలుగు కొమ్ములుండే ఆకుపచ్చ పురుగు, ఆకు పైభాగాన పట్టుదారంతో పరుపు అల్లుకుని దాని మీద కదలకుండా ఉంటుంది. ఎండ తగిలే దక్షిణం వైపు కొమ్మలు చూడు. పెరటిమొక్క గారింటి పాపని వెంట తీసుకెళ్ళు, నీకంటే ముందు తనే కనిపెడుతుంది.

పెరటిమొక్క (బార్సిలోనా), సెప్టెంబరు 10

తమ్ముడూ, వచ్చేటప్పుడు కాస్త చింతపండు తెచ్చిపెట్టు. దారి ఖర్చు పాప చూసుకుంటుందట.